సూది చేదు, కత్తి ముద్దు

పురిటి గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లలో వైద్యం తెలియనివారు ఉండరు. లోపల కోడలు కేక పెడుతుంది. నర్సు వచ్చి ‘నొప్పి తగ్గడానికి ఎపిడ్యూరల్ ఇమ్మంటారా?’ అని అడగగానే తీర్పు సిద్ధం. ‘వెన్నులో సూదా! జన్మంతా నడుం నొప్పే. పైగా నొప్పులు చల్లబడి ఆపరేషన్ దాకా పోతుంది. మేం కనలేదూ?’ ఈ చివరి మాట మామగారిది. మొన్న పన్ను పీకించుకుంటూ రెండో మత్తు ఇంజెక్షన్ అడిగి మరీ వేయించుకున్నదీ ఆయనే.

వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో 40 పరిశోధనలను, 11,000 మందికి పైగా తల్లుల వివరాలను జల్లెడ పట్టింది. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరగలేదు. నడుం నొప్పి పట్టుకుని ఉండిపోనూలేదు. ఫోర్సెప్స్, వాక్యూమ్ కాన్పులు ఎక్కువయ్యాయన్నది నిజమే కానీ, 2005 తర్వాతి పరిశోధనల్లో ఆ తేడా కూడా కనబడలేదు. బీపీ పడిపోవచ్చు, జ్వరం రావచ్చు, అరుదుగా కొన్నాళ్లు తలనొప్పి వేధించవచ్చు. వీటి గురించి బెంచీ ఒక్క ముక్క మాట్లాడదు. ఉన్న ఇబ్బంది కంటే లేని జబ్బంటేనే మనకు మక్కువ.

విక్టోరియా రాణి 1853లో ఎనిమిదో కాన్పుకు డాక్టర్ జాన్ స్నో చేత నొప్పి తగ్గడానికి క్లోరోఫాం ఇప్పించుకుంది. ‘ఓర్చుకో తల్లీ’ అనే బెంచీ ఆవిడకు లేకపోయింది.

ఇక సిజేరియన్ భయం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7! ఇదంతా ఎపిడ్యూరల్ పుణ్యమేనా? మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో దాని ఊసే ఉండదు. పంతులుగారు నక్షత్రం చూసి ముహూర్తం రాసిచ్చారా, అదే బెంచీ ఆపరేషన్‌కి నిమిషాలతో సహా టైము పట్టుకొస్తుంది. అప్పుడూ వెన్నులో సూది దిగుతుంది. ఆపరేషన్‌కి ఇచ్చే స్పైనల్ సూది ఇంకా లోతుకు, వెన్ను లోపలి నీటిదాకా పోతుంది. ఎపిడ్యూరల్ ఆ నీటిని చుట్టి ఉన్న పొర బయటే ఆగుతుంది. అయినా ఆ పూట ఎవరికీ నడుం గుర్తు రాదు. బిడ్డకు మంచి నక్షత్రం దక్కాలంటే సూది శుభం. తల్లికి నొప్పి తగ్గాలంటే మాత్రం అదే సూది అపచారం.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు గదిలో ఏసీ ఉందా అని అడుగుతారు కదా, రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఉంటారా అని కూడా అడగండి. సూది కావాలా వద్దా అన్నది మాత్రం కనే పిల్లనే అడగండి.