గొట్టం వెంట ఉత్తరానికి

డాల్టన్ హైవే అలాస్కా రాష్ట్రంలో 666 కిలోమీటర్ల పొడవున్న రోడ్డు. ఫెయిర్‌బ్యాంక్స్ నగరానికి ఉత్తరాన సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, లైవెన్‌గుడ్ అనే పాత బంగారు గనుల ఊరి దగ్గర మొదలవుతుంది. యూకాన్ నదిని, ఆర్కిటిక్ వృత్తాన్ని, బ్రూక్స్ పర్వతాలను ఆ వరసలోనే దాటి, ఆర్కిటిక్ మహాసముద్రం ఇంకా కనపడకముందే డెడ్‌హార్స్ అనే చోట ఆగిపోతుంది. చాలా దూరం కంకర రోడ్డే. అక్కడక్కడా తారు వేశారు. ఆ తారును చూసి సంబరపడి వేగం పెంచినవాళ్లకు, తారులో పడ్డ గుంతలు కంకర గుంతల కంటే గట్టివని తొందరలోనే తెలిసివస్తుంది. దారి మొత్తం మీద పెట్రోలు దొరికే చోట్లు మూడు. చివరి రెండింటికీ మధ్య దూరం 386 కిలోమీటర్లు. ఆ మధ్యలో టీ బడ్డీ సంగతి అటుంచి, ఫోనులో సిగ్నలు కూడా దాదాపు ఉండదు.

ఏ రోడ్డయినా మనుషుల రాకపోకల కోసం వేస్తారని ఒక నమ్మకం. డాల్టన్ హైవే విషయంలో ఆ నమ్మకం చెల్లదు. దీన్ని వేసింది ఒక గొట్టం కోసం. 1968లో ప్రూడో బే దగ్గర భారీగా చమురు పడింది. పడింది గానీ, పక్కనున్న సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఓడలు వచ్చి తీసుకుపోలేవు. అందుకని దక్షిణాన మంచు పట్టని వాల్డీజ్ రేవు దాకా 1,287 కిలోమీటర్ల పైపులైను వేయాలని నిర్ణయించారు. అనుమతి చట్టం 1973 నవంబరులో వచ్చింది. గొట్టం ముక్కలను మోసుకుపోవడానికి ముందు రోడ్డు కావాలి. 1974 ఏప్రిల్ 29న పని మొదలుపెట్టి, యూకాన్ నదికి అవతల ఉన్న సుమారు 580 కిలోమీటర్ల రోడ్డును 154 రోజుల్లో వేసేశారు. వేసవిలో అక్కడ పొద్దు గుంకదు గనక, చీకటి పడిందని పని ఆపే సాకు ఎవరికీ దొరకలేదు.

గొట్టానికి జరిగిన మర్యాదలు చూస్తే పెళ్లికొడుకు గుర్తుకు రాక మానడు. సుమారు 675 కిలోమీటర్ల మేర దాన్ని నేల మీద కాలు పెట్టనివ్వకుండా స్తంభాల మీద ఊరేగించారు. చలి వేయకుండా ఫైబర్‌గ్లాస్ దుప్పటి కప్పి, దాని మీద ఇనుపరేకు తొడిగారు. వేడికి సాగినా చలికి ముడుచుకున్నా ఇబ్బంది పడకుండా వంకరటింకరగా నడిపించి, భూకంపం వస్తే పక్కకు జరగడానికి వీలుగా స్తంభాల మీద చోటు వదిలారు. అక్కడి నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. అది కరిగితే స్తంభాలు కుంగుతాయి. దానికి విరుగుడుగా స్తంభాల్లో 1,24,000 సన్నటి గొట్టాలు దింపి, వాటిలో అమోనియా నింపారు. చలికాలమంతా ఆ అమోనియా ఆవిరై పైకెక్కి, చల్లబడి కిందికి దిగుతూ నేలలోని వేడిని బయటికి తోడిపోస్తూ ఉంటుంది. ఇన్ని ఏర్పాట్లూ పెళ్లికొడుక్కే. వెనకాల జీపులో వచ్చే చుట్టాల నడుములు ఏమవుతాయని ఆలోచించిన నాథుడు లేడు.

చమురు 1977లో పారడం మొదలైంది. బాగా పారిన రోజుల్లో నాలుగైదు రోజుల్లో వాల్డీజ్ చేరేది. ఇప్పుడు బావుల్లో ఉత్పత్తి తగ్గడంతో నింపాదిగా నడిచి, రెండు వారాలకు పైనే తీసుకుంటోంది. మనుషుల విషయానికొస్తే, వాళ్లు ఈ రోడ్డెక్కడానికి చాలా ఏళ్లు వేచి ఉండాల్సి వచ్చింది. ఆర్కిటిక్‌లో చమురు అన్వేషణకు పనిచేసిన జేమ్స్ డాల్టన్ అనే ఇంజనీరు పేరును 1981లో రోడ్డుకు పెట్టారు. సామాన్యులను మొదట సగం దారి దాకానే పోనిచ్చారు. చివరిదాకా పోనిచ్చింది 1994లో. అంటే రోడ్డు వేయడానికి అయిదు నెలలు, దాని మీద అందరినీ పోనివ్వడానికి ఇరవై ఏళ్లు. ప్రభుత్వ వ్యవహారాల్లో ఇదేమంత చెడ్డ నిష్పత్తి కాదు.

ప్రయాణానికి ముందు కారు సంపాదించాలి. అద్దెకిచ్చే సంస్థల్లో చాలావాటి ఒప్పంద పత్రంలో కంకర రోడ్ల మీదికి పోకూడదన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ రోడ్డు పేరు చెప్పి మరీ కారు ఇచ్చేవాళ్లు కొద్దిమంది ఉన్నారు, వాళ్ల అద్దె కూడా ఈ రోడ్డు పేరు చెప్పే ఉంటుంది. తరవాత స్టెప్నీలు. ఒకటి చాలదు, పూర్తి సైజువి రెండు ఉండాలని ఈ ప్రాంతపు అధికారులే సలహా ఇస్తారు. ఒకటి పంచరయ్యాక రెండోది అవ్వదని కంకర ఎక్కడా హామీ ఇవ్వలేదు. అదనపు పెట్రోలు, తిండి, నీళ్లు, వెచ్చని బట్టలు, లారీ డ్రైవర్ల మాటలు వినడానికి సీబీ రేడియో కూడా పెట్టుకోవాలి. హెడ్‌లైట్లు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉండాలి. ఎందుకంటే వేసవిలో దుమ్ము, చలికాలంలో చీకటి, మధ్యలో పొగమంచు.

రోడ్డు మీద రాజ్యం లారీలది. ఎదురుగా పద్దెనిమిది చక్రాల లారీ వస్తుంటే చిన్న బండి వేగం తగ్గించి పక్కకు ఒదిగి నిలబడాలి. అది దాటిపోయేటప్పుడు విసిరే రాళ్లు ముందు అద్దానికి తగులుతాయి. అద్దం పగలకుండా తిరిగొచ్చిన బండిని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అనుమానంగా చూస్తారు. టీవీలో ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’ కార్యక్రమం 2009లో ఈ రోడ్డు మీదికి వచ్చాక, డ్రైవర్ల కష్టం లోకానికంతా తెలిసింది. ఆ డ్రైవర్లలో చాలామందికి మాత్రం వేసవి కంటే చలికాలమే నయం. మంచు పడి గుంతలు పూడిపోయి, దారి నున్నగా ఉంటుంది. జారుతుంది, అది వేరే సంగతి.

బయల్దేరిన 90 కిలోమీటర్లకు యూకాన్ నది వస్తుంది. అలాస్కాలో ఈ నది మీద కార్లు పోయే వంతెన ఇదొక్కటే. 1975లో కట్టిన ఈ 700 మీటర్ల వంతెనకు చెక్కపలకలు పరిచారు. ఒక గట్టు ఎత్తు, ఒక గట్టు పల్లం కాబట్టి వంతెన కూడా ఒక పక్కకు వాలే ఉంటుంది. పైపులైను కూడా ఈ వంతెననే ఆనుకుని నది దాటుతుంది. అవతలి ఒడ్డున మొదటి పెట్రోలు బంకు, భోజనం.

అక్కడి నుంచి ఎగుడుదిగుళ్లు. వీటికి పేర్లు పెట్టింది డ్రైవర్లు: రోలర్ కోస్టర్, బీవర్ స్లైడ్, ఆయిల్ స్పిల్ హిల్. ఒక మలుపు పేరు మాత్రం అచ్చులో వేయదగ్గది కాదు. లోడు లారీ ఆ మలుపులో జారినప్పుడు డ్రైవరు నోట మొట్టమొదట వచ్చే మాట ఏదో, అదే దాని పేరు.

185వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వృత్తం. భూగోళం పుస్తకంలో చుక్కల గీతగా చూసినవాళ్లు ఇక్కడ గీత కోసం వెతుకుతారు. గీత లేదు, బోర్డు ఉంది. బోర్డు పక్కన నిలబడి ఫొటో తీసుకోవడానికి వరసలో నిలబడేవాళ్లున్నారు, వాళ్ల చుట్టూ వేసవిలో దోమలున్నాయి. ఫొటోల్లో చాలామంది చేతులు ఊపుతున్నట్టు కనిపించడానికి కారణం ఉత్సాహం కాదు. ఇంకాస్త ముందుకు పోతే ప్రాస్పెక్ట్ క్రీక్. ఒకప్పుడు పైపులైను కూలీల శిబిరం ఉన్న ఈ చోట 1971 జనవరి 23న ఉష్ణోగ్రత మైనస్ 62 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అమెరికా మొత్తంలో ఇప్పటికీ అదే రికార్డు.

కోల్డ్‌ఫుట్ ఈ దారికి గుండెకాయ. 1900లో బంగారం కోసం వచ్చినవాళ్లలో కొందరు ఇక్కడిదాకా రాగానే ధైర్యం జారిపోయి వెనక్కి మళ్లారట. ఊరికి ‘చల్లబడ్డ కాలు’ అనే అర్థం వచ్చే ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. మళ్లకుండా నిలిచినవాళ్లు ఊరు కట్టారు. ఆ ఊళ్లో దుకాణాలు రెండు, సారా కొట్లు ఏడు. బంగారం ఎటు పోయిందో చెప్పడానికి వేరే లెక్కలు అక్కర్లేదు. ఆ తరవాత జనం 20 కిలోమీటర్ల అవతలి వైజ్‌మన్‌కు తరలిపోయి, కోల్డ్‌ఫుట్ పాడుబడింది. దాన్ని మళ్లీ బతికించింది డిక్ మాకీ. 1978లో ఇడిటరాడ్ అనే కుక్కబండ్ల పందెంలో రెండో మనిషి కంటే ఒక్క సెకను ముందు గమ్యం చేరి గెలిచిన మాకీ ఆయనే. 1981లో ఒక పాత స్కూలు బస్సు తెచ్చి ఇక్కడ నిలబెట్టి, లారీవాళ్లకు హాంబర్గర్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆకలిగొన్న డ్రైవర్లకు ఆ బస్సు ఎంత నచ్చిందంటే, పైపులైను సామాను వచ్చిన చెక్కపెట్టెలు తెచ్చి, తామే చేతులు వేసి ఆయనకు హోటలు కట్టిపెట్టారు. హోటల్లో ముందు తిండి బాగుంటే చాలు, కట్టడం సంగతి తినేవాళ్లే చూసుకుంటారనడానికి ఇంతకంటే రుజువు దొరకదు. ఇప్పటికీ అక్కడ భోజనం ఉంది, పడకలున్నాయి, ఎదురుగా సందర్శకుల కేంద్రం ఉంది. ముఖ్యంగా పెట్రోలుంది. ఇక్కడ ట్యాంకు నింపుకోకుండా ముందుకు పోవడం సాహసం కిందికి రాదు.

వైజ్‌మన్ దాటాక కొండలు దగ్గరికి వస్తాయి. ఈ మాట అక్షరాలా నిజం. మట్టి, రాళ్లు, మంచు కలిసి గడ్డకట్టిన ఒక పెద్ద ముద్ద కొండవాలు మీది నుంచి ఏటా కొన్ని మీటర్ల చొప్పున రోడ్డు వైపు నడిచి వస్తోంది. శాస్త్రవేత్తలు కొలతలు తీశారు, ఇంజనీర్లు ఆలోచించారు. ఆపడం కుదరదని తేల్చి, 2018లో రోడ్డునే పక్కకు జరిపారు. ఆ ముద్ద మాత్రం వస్తూనే ఉంది.

378వ కిలోమీటరు దగ్గర పైపులైను దారిలో చిట్టచివరి స్ప్రూస్ చెట్టు ఉండేది. దాన్ని నరకవద్దని అక్కడ బోర్డు పెట్టారు. అంతటి చలిని తట్టుకుని బతికిన ఆ ముసలి చెట్టు బెరడును 2004లో ఎవరో ప్రబుద్ధుడు చుట్టూ చెక్కేసి చంపాడు. వందల కిలోమీటర్లు రాళ్లదెబ్బలు తింటూ వచ్చి మరీ ఆ పని చేసినవాడి పట్టుదలకు తగిన తిట్టు దొరకడం కష్టం.

తరవాత అటిగన్ కనుమ, ఎత్తు 1,444 మీటర్లు. అలాస్కాలో ఏడాది పొడవునా తెరిచి ఉండే కనుమల్లో ఇంతకంటే ఎత్తయినది లేదు. ఇటు పడ్డ వాన యూకాన్ మీదుగా బేరింగ్ సముద్రంలోకి, అటు పడ్డది ఆర్కిటిక్ మహాసముద్రంలోకి పోతుంది. మంచు చరియలు మాత్రం రెండు వైపులా రోడ్డు మీదికే వస్తాయి. దిగాక చెట్టన్నది లేని మైదానం. కారిబూ జింకల మందలు, ఒళ్లంతా జూలుతో మస్క్ ఆక్స్‌లు కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో అలాస్కాలో మస్క్ ఆక్స్‌లను వేటాడి తుడిచిపెట్టేశారు. ఇప్పుడున్నవి 1930లో గ్రీన్‌లాండ్ నుంచి తెప్పించిన వాటి సంతతి. వేటకు ఇక్కడొక విచిత్రమైన నియమం ఉంది: రోడ్డుకు ఇరువైపులా ఎనిమిదేసి కిలోమీటర్ల లోపల తుపాకీ పేల్చకూడదు, విల్లంబులైతే పరవాలేదు. తుపాకీయే కావాలనేవాళ్లు బురదలో అంత దూరం నడిచి, కాల్చి, మాంసం మోసుకుంటూ అంత దూరమూ వెనక్కి నడుస్తారు. కారిబూకు ఆ పరిధి తెలుసన్నట్టు రోడ్డు పక్కనే మేస్తుంది.

ఇక్కడి నుంచి సాగవనిర్క్‌టాక్ నది తోడొస్తుంది. పేరు నోరు తిరగక అందరూ సాగ్ అంటారు. 2015 వసంతంలో ఈ నది పొంగి, రోడ్డును వారాల తరబడి మూయించింది. డెడ్‌హార్స్‌కు సరుకులు అందక, కొంత విమానాల్లో పంపాల్సి వచ్చింది.

డెడ్‌హార్స్‌ను ఊరనడం మర్యాద కోసమే. అక్కడున్నవి రేకుల షెడ్లు, యంత్రాలు, విమానాశ్రయం, షిఫ్టుల మీద వచ్చిపోయే వేల మంది చమురు కార్మికులు. స్థిర నివాసులు లెక్కకు కూడా సరిగ్గా రారు. హోటలు గుమ్మంలోనే బూట్లకు తొడుగులు వేసుకోవాలి. భోజనం చాలాచోట్ల గది అద్దెలోనే కలిసి ఉంటుంది, బాగా పెడతారు. మద్యం అమ్మరు. మే నెల మూడో వారం నుంచి రెండు నెలల పాటు సూర్యుడు అస్తమించడు గనక, రాత్రయిందని గడియారాన్ని నమ్మి పడుకోవాలి.

సముద్రం అక్కడికి ఇంకా పదమూడు కిలోమీటర్లు. ఆ దారి చమురు కంపెనీలది, ఎవరినీ సొంత బండిలో పోనివ్వరు. ఒక రోజు ముందే పేరు, గుర్తింపు వివరాలు ఇచ్చి, అనుమతి వచ్చాక పర్యాటకుల బస్సులో పోవాలి. ఈ సంగతి తెలియక నేరుగా వచ్చినవాళ్లు ఆర్కిటిక్ మహాసముద్రానికి పోయే గేటు దాకా వచ్చి, గేటును ఫొటో తీసుకుని మళ్లుతారు. అనుమతి దొరికినవాళ్లు నీళ్లలో కాలు పెట్టి, వెంటనే తీసేస్తారు.

తిరుగు ప్రయాణానికి వేరే దారి లేదు. వచ్చిన 666 కిలోమీటర్లూ మళ్లీ పోవాలి, పైన ఫెయిర్‌బ్యాంక్స్ దాకా ఉన్నది అదనం. దుమ్ము లేవకుండా ఉండటానికి రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. అది తడి బురదతో కలిసి బండి అడుగున పట్టి, ఆరాక సిమెంటులా బిగుసుకుంటుంది. కడగకుండా వదిలేస్తే ఇనుమును తినేస్తుంది. అందుకని ఫెయిర్‌బ్యాంక్స్ చేరగానే ముందు స్నానం బండికి చేయించాలి. అద్దె బండి అయితే రెండుసార్లు.