గేటుకు తాళం, వైఫైకి స్వాగతం

నంద్యాలలో ఇల్లు కట్టుకున్నవారి జాగ్రత్త చూసి తీరాలి. ఇనుప గేటు, ప్రహరీ మీద గాజు పెంకులు, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ, మూలకో సీసీ కెమెరా. ఇన్ని కాపలాల మధ్య టీవీ పక్కన కొమ్ములు నిక్కించుకుని కూర్చున్న వైఫై డబ్బాకు పాస్‌వర్డు మాత్రం 12345678. కొన్ని ఇళ్లలో అదీ లేదు.

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అంటూ మొదలైంది. ఇంటింటికీ తీగ వచ్చింది. పాస్‌వర్డు మార్చాలన్న బుద్ధి మాత్రం ఆ తీగలో రాలేదు.

అడిగితే ఆళ్లగడ్డ పెద్దమనిషి నవ్వుతాడు: "మా వైఫైలో ఏముందప్పా ఎత్తుకపోనీకి? అహోబిలం పోయేటోళ్లకు చలివేంద్రం పెట్టలేదా, ఇదీ అంతే!"

అంతే కాదు. చలివేంద్రంలో నీళ్లు తాగినవాడు ఏ నేరం చేసినా కుండ పెట్టినవాడి ఇంటికి పోలీసు రాడు. వైఫైకి వస్తాడు.

2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. ఆనవాలు పట్టుకుని పోలీసులు నవీ ముంబైలో ఓ అమెరికన్ ఫ్లాట్ తలుపు తట్టారు. ఆయన వైఫైకి తాళం లేదు; మెయిల్ పంపినవాళ్లు దాన్ని వాడుకున్నారు. కంప్యూటర్లు పోలీసుల చేతికి, ఆయన విచారణకు వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్ల మెయిల్ చెంబూరులోని ఒక సంస్థ వైఫై నుంచి వెళ్లింది. 2009 జనవరికల్లా తాళం లేని వైఫైల కోసం ముంబై పోలీసులు వీధుల్లో వెతకడం మొదలుపెట్టారు. కారణం సులువు. బయటి లెక్కలో కనిపించేది కనెక్షన్ తీసుకున్నవారి పేరే. గోడవతల బైకు మీద కూర్చున్నవాడి పేరు కాదు.

తెరిచిపెట్టడమే మర్యాద అనే మేధావులూ ఉన్నారు. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ తన ఇంటి వైఫైకి తాళం వేయనని 2008లోనే రాశాడు. కానీ ఆయన తన కంప్యూటర్‌కు గట్టి కాపలా పెట్టుకున్నాడు. మనవాళ్లు ఆయన ఔదార్యం తీసుకుని, కాపలా ఆయనకే వదిలేశారు.

దానం చేయాలనుంటే చాలా రూటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంది. చుట్టాలకు అది ఇవ్వండి. ఇంటి వైఫైకి డబ్ల్యూపీఏ2 తాళం గానీ డబ్ల్యూపీఏ3 తాళం గానీ పెట్టండి. పాత వెప్ తాళం 2001లోనే పగిలింది. రూటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డు కూడా మార్చండి. కొత్తదానిలో ఇంటిపేరు, ఫోన్ నంబరు, బుడ్డోడి పుట్టినరోజు వద్దు. అవి వీధివీధంతా ఎరిగినవే.