చార్జింగు తీగ పద్యము – టీకా తాత్పర్యములు

అవతారిక: కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2019లో చార్జింగు స్టేషనులకై విధించిన భద్రతా నియమములు ఇంటి గోడకును హితములే గనుక, అపార్టుమెంటు సెల్లారులయందు వ్రాయించుకొనుటకు వీలుగా ఒక కవి వానిని ఇట్లు కుదించెను.

ఆ.వె.
తీగ కొక్క తీగ తెచ్చి కట్టఁగ రాదు
ఐదు మీటరులకు నవల వలదు
ఎత్తు నేలమీఁద నెనిమిదివందల
మిల్లిమీటరులను మించవలయు.

టీక: తీగకు = బండిని సాకెట్టుతో కలుపు చార్జింగు తీగకు; ఒక్క తీగ = ఎక్స్‌టెన్షన్ బాక్సు మొదలగు వేఱొక తీగను; తెచ్చి = పొరుగింటినుండి యైనను తెచ్చి; కట్టఁగ రాదు = తగిలింపరాదు; ఐదు మీటరులకు నవల = చార్జింగు స్థానమునకు ఐదు మీటర్లు దాటి; వలదు = బండిని నిలుపవలదు; ఎత్తు = సాకెట్టు ఎత్తు (సాకెట్టు అధ్యాహారము); మించవలయు = కనీసము అంత యుండవలయును.

తాత్పర్యము: బండియే సాకెట్టు దగ్గఱకు రావలయును గాని, సాకెట్టు బండికై ఊరేగరాదు.

పూర్వపక్షము: నాలుగవ అంతస్తున కాపురముండి, వంటింటి సాకెట్టునుండి బాల్కనీ మీదుగా తీగను జారవిడిచి, క్రింద నున్న స్కూటరునకు ప్రాణము పోయదలచిన గృహస్థు, “ఉన్న కనెక్షనుతోనే ఇంట చార్జి చేసికొనవచ్చునని 2022 నాటి కేంద్ర మార్గదర్శకములు చెప్పియుండగా, నా తీగ పొడవుతో ఒరులకేమి పని?” యని యడుగవచ్చును.

సమాధానము: ఆ యనుమతి కరెంటునకే గాని అతుకులకు కాదు, గంటల తరబడి భారము మోయు తీగలో వదులైన అతుకే మొదట వేడెక్కును. కావున బండి నిలుచు చోటనే విద్యుద్వాహనమునకై వేఱు కనెక్షను కోరుట మేలు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములకు చేసిన 2024 సవరణ ననుసరించి, దరఖాస్తు సమగ్రముగ నున్నచో, కొత్త కనెక్షనునకు గడువు మహానగరములలో మూడు దినములు, ఇతర పురపాలక ప్రాంతములలో ఏడు, గ్రామములలో పదునైదు. అయితే ఈ లెక్క డిస్కమునకే చెల్లును. సెల్లారు గోడ యెవరిదో, ఆ ఐదు మీటర్లలోపలి పార్కింగు ఎవరికి దక్కునో తేల్చవలసిన సంఘసమావేశమునకు చెల్లదు.

ఛందోవిశేషము: ఇది ఆటవెలది. రాదు–ఐదు, వలదు–ఎత్తు అను పాదాంతములయందు సంధి చేయకుండుట దోషమని వైయాకరణులు ఆక్షేపింతురు గాని, అతుకులనే నిషేధించు పద్యమున కవి పాదమునకు పాదమును అతుకక విడుచుట, శాసనమును ముందుగా తానే పాటించుట యని గ్రహింపవలయును.