బోర్డు మీద రాయకూడని విద్య

లా చదివే కుర్రాడు ఇప్పుడు లాయరు కాకముందే నిపుణుడైపోతున్నాడు. రెండో ఏడు పరీక్షలింకా రాయలేదు, అప్పుడే ఆర్బిట్రేషన్‌లో ఒకటి, సైబర్ చట్టంలో ఒకటి, మేధోసంపత్తిలో ఒకటి, ఆఖరికి అంతరిక్ష చట్టంలో కూడా ఒకటి సర్టిఫికెట్లు పోగేశాడు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఏ మెట్లెక్కితే వస్తుందో తెలీదు గానీ చంద్రుడి మీద గనులు ఎవరికి చెందుతాయో చెప్పగలడు. శని, ఆదివారాల్లో రికార్డు చేసిన వీడియోలు వాటి పాటికవి నడుస్తుంటాయి, వాటి ముందు ఇతను భోంచేస్తుంటాడు. చివర్లో పది బిట్లు. తప్పు పెడితే మళ్ళీ పెట్టనిస్తారు, ఒప్పయ్యేదాకా. ఆపైన బంగారు అంచు పీడీఎఫ్, లింక్డ్‌ఇన్‌లో ప్రకటన, కింద మిత్రుల అభినందనలు. ఆ మిత్రులదీ అదే కోర్సు, అదే అంచు.

ఇది చట్టం చదివేవాళ్ళ కథ కాబట్టి చట్టం ఏమంటోందో చూద్దాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల్లో ఆరోది ఒకటుంది. లా డిగ్రీ చదువుతూ మరో డిగ్రీలో గానీ, పీజీలో గానీ, సర్టిఫికెట్ కోర్సులో గానీ చేరకూడదని దాని సారాంశం. భాషో, కంప్యూటరో నేర్పే చిన్నపాటి పార్ట్‌టైం కోర్సులకూ, విశ్వవిద్యాలయాల దూరవిద్య కేంద్రాలు నడిపే కోర్సులకూ మినహాయింపు ఇచ్చారు. అసలు నిబంధన ఎవరికీ గుర్తులేదు. మినహాయింపు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఆ సందులోంచి ఊరేగింపులే వెళ్తున్నాయి. దూరవిద్యకూ తమకూ దూరపు చుట్టరికం కూడా లేనివాళ్ళు అందులో కలిసిపోయి దర్జాగా నడుస్తున్నారు.

కాలేజీల ఉదారత ఇంకా గొప్పది. పర్యావరణ చట్టం డిగ్రీలో తప్పనిసరి పేపరు. కోర్టు బయట తగాదాలు తీర్చే ఏడీఆర్ తప్పనిసరి క్లినికల్ పేపరు. అవే మళ్ళీ సాయంత్రాలు స్పెషల్ సర్టిఫికెట్ కోర్సులుగా వేరే రసీదు మీద దొరుకుతాయి. పొద్దున చెప్పింది చదువు కాదని అంత నిజాయితీగా ఒప్పుకునే సంస్థలు మరెక్కడున్నాయి? పైగా కాలేజీల నాణ్యత తేల్చే నాక్ వాళ్ళ లెక్కల్లో యాడ్-ఆన్, సర్టిఫికెట్ కోర్సులు ఎన్ని నడిపారు, ఎంతమంది పిల్లలు చేరారు అన్నదానికి ఓ గడి ఉంటుంది. ఆ గడి నింపడానికి కాలేజీ కోర్సు పెడుతుంది. బయోడేటాలో గడి నింపడానికి పిల్లవాడు చేరతాడు. వచ్చిపడ్డ వందల బయోడేటాల్లో ఏది తీసిపారేయాలో తేల్చుకోవడానికి పెద్ద లా ఫర్ములో ఎవరో ఆ గడి చూస్తారు. ఇంత మంది ఇన్ని గడులు నింపుతుంటే చదువనేది మధ్యలో దూరి అడ్డుపడటం మర్యాద కాదు.

సరే, నిపుణుడు డిగ్రీ పుచ్చుకుని ఎన్‌రోల్‌మెంటుకు వెళ్తాడు. జనరల్ కేటగిరీ అభ్యర్థి దగ్గర రూ. 750, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి దగ్గర రూ. 125 మించి ఎన్‌రోల్‌మెంటు ఫీజు వసూలు చేయకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. వీకెండ్ సర్టిఫికెట్లు చాలావాటి ఖరీదు అంతకంటే ఎక్కువే. ఆ తరవాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్, వంద బిట్లు. వ్యాఖ్యానాల్లేని చట్టం పుస్తకాలు, అంటే బేర్ యాక్ట్‌లు, ఎదురుగా పెట్టుకుని రాయొచ్చు. గట్టెక్కితే చేతికి ఇంకో సర్టిఫికెట్ వస్తుంది. ఇన్నిట్లోకీ నిజంగా అక్కరకొచ్చేది అదొక్కటే. పాపం, దానికి బంగారు అంచుందో లేదో పట్టించుకునేవాడే ఉండడు.

ఇక బోర్డు రాయించుకునే ముచ్చట. పేరు కింద 'సైబర్ నేరాల స్పెషలిస్టు' అని ఎర్రక్షరాలు వేయిద్దామనుకుంటాడు. బార్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళిలో 36వ నిబంధన అడ్డం నిలబడుతుంది: లాయరు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, నేమ్ ప్లేటు మితమైన సైజులో ఉండాలి, ఫలానా రకం పనిలో స్పెషలిస్టునని దాని మీద సూచించకూడదు. 2008లో దయతలిచి, ప్రాక్టీసు చేసే రంగాలేవో వెబ్‌సైటులో చెప్పుకోనిచ్చారు. గోడ మీద మాత్రం కుదరదు. అంటే అయిదేళ్ళపాటు డబ్బు పోసి కొన్న నైపుణ్యాన్ని ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికి రావాలి.

లోపల ఓ రైతు కూర్చుని ఉంటాడు. "లాయరు గారూ, మన దావాకి నంబరు పడిందా?" అని అడుగుతాడు. పడలేదు. మూడుసార్లు ఫైల్ చేస్తే మూడుసార్లు రిటర్నయింది. కోర్టు ఫీజు తక్కువ కట్టారని ఒకసారి, షెడ్యూల్లో పొలం హద్దులు రాయలేదని ఒకసారి, వకాల్తా మీద సంక్షేమనిధి స్టాంపు అంటించలేదని ఒకసారి. డ్రాఫ్టింగ్, ప్లీడింగ్ పేపరు ఇతనికీ ఉండేది. సీనియరు రికార్డు చూసి, ఆ సీనియరు తన సీనియరు దగ్గర దింపిన తప్పులతో సహా, గుండ్రటి అక్షరాలతో దింపాడు. మార్కులు బాగానే పడ్డాయి. మూడేళ్ళ కోర్సులో పన్నెండు వారాలు, అయిదేళ్ళ కోర్సులో ఇరవై వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలని రూలు. ఎవరో తెలిసినాయన ఒక్క మధ్యాహ్నం కూర్చుని అన్ని వారాలకూ సంతకం పెట్టేస్తే సర్టిఫికెట్ కోర్సులకు తీరిక దొరికింది.

ఇలాంటి జూనియర్లకు పట్టణాల్లో నెలకు ఇరవై వేలు, పల్లెల్లో పదిహేను వేలు ఇస్తే బాగుంటుందని 2024లో బార్ కౌన్సిల్ సీనియర్లకు సలహా ఇచ్చింది. సలహా అంటే ఏమిటో లాయర్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి ఉపాధి కోసం నేనే ఒక స్పెషాలిటీ కోర్సు తెరుద్దామని చూస్తున్నాను: 'దావాకు నంబరు వేయించుటలో అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్'. వీడియోలుండవు. ఫైలింగ్ కౌంటరు ముందు నిలబడాలి. అభ్యంతరాలన్నీ తీర్చి, కాగితం మీద నంబరు వేయించుకొస్తే పాసు. పాఠాలు చెప్పడానికి ముప్పయ్యేళ్ళుగా రిటర్నయిన కట్టలన్నీ సరిచేసి పంపుతున్న మా గుమస్తా గారిని అడిగాను, సరేనన్నారు. కానీ ఒక కాలేజీ వాళ్ళు కుదరదన్నారు. ఆయన దగ్గర ఒక్క సర్టిఫికెట్టూ లేదట.