నిదానించిన డిస్కు: టీకా తాత్పర్యాలు

చక్రమొకటి తిరుగు సన్నని గూటిలో
ముల్లు వెదకి వెదకి మూలబడును
కాపిదీసి మొదట గండము గడిపించి
మార్చవలయు డిస్కు మర్మ మెఱిగి

అవతారిక: బటన్ నొక్కి కాఫీ తాగి వచ్చినా తెరమీద చుక్కల వలయమే తిరుగుతున్న పాత ల్యాప్‌టాప్ యజమానికి మెకానిక్ చేస్తున్న ఉపదేశం.

టీక: చక్రము = నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్ళెం. సన్నని గూటిలో = దుమ్ము చొరని పెట్టెలో; ముల్లుకూ పళ్ళేనికీ ఎడం కొన్ని నానోమీటర్లే కనుక ఇంట్లో మూత విప్పరాదని ధ్వని. ముల్లు = రీడ్ హెడ్. మౌస్ బాణమని పూర్వవ్యాఖ్యాత ఒకరు, పొసగదు.

వెదకి వెదకి = ఈ ద్విరుక్తిలోనే రోగమంతా ఉంది. నీరసించిన సెక్టారు ఒక్క చూపుకు అందదు. మళ్ళీ చూడాలంటే పళ్ళెం పూర్తిగా చుట్టి రావాలి, అంటే 11 మిల్లీసెకన్లు. వందసార్లు చూస్తే సెకను దాటింది. అలాంటి సెక్టార్లు ఎన్నో! టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, బదిలీ మాత్రం దాదాపు సున్నా. అప్‌డేట్లూ యాంటీవైరసూ కూడా 100 చూపిస్తాయి గానీ, పని ముగిశాక దిగుతాయి. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే సందేహం అక్కర్లేదు. డేటా బదిలీలో దొర్లే సీఆర్‌సీ తప్పులు మాత్రమే పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడాలి. ఆ రోగికి ఈ పద్యం వర్తించదు.

మొదట = పద్యానికి ప్రాణం ఈ పదమే. 'ముందు చెక్‌డిస్క్, డీఫ్రాగ్ నడిపితే ఏం?' అని పూర్వపక్షం. అవి రెండూ అలసిన ముల్లును డిస్కంతా పరిగెత్తిస్తాయి. కొన ఊపిరి మీదున్నవాడికి కసరత్తు చెప్పినట్టే. ఉన్న కాస్త ఓపికా ఫొటోలు, కాగితాలు బయటికి తీయడానికే ఖర్చు కావాలని సిద్ధాంతం. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం మేలు: చెడ్డచోటు దాటేసి, మంచిది తీసుకుని, చివర వెనక్కి వస్తుంది.

మార్చవలయు = ఎస్‌ఎస్‌డీ వేయాలి. పాత డిస్కు ఆకారంలోని సాటా రకమైతే అదే ఖాళీలో కూర్చుంటుంది, సెకనుకు 500 మెగాబైట్లు దాటి చదవగలదు. డిస్కు ఇంకా చదవగలిగితే క్లోన్ చేస్తే సరి, విండోస్ మళ్ళీ ఎక్కించనక్కర్లేదు. అందులో చక్రమూ లేదు, ముల్లూ లేదు. కనుక ఎస్‌ఎస్‌డీ వేసిన ఇంట పద్యపు పూర్వార్ధం నిరర్థకం.

తాత్పర్యం: స్పష్టం.

పాఠాంతరం: 'మార్చవలయు'కు బదులు 'ఫార్మాటు కొట్టుము' అని కొన్ని ప్రతుల్లో ఉంది. యతి చెడుతుంది, డేటా కూడా.