కట్నం డబ్బుతో వ్యాకరణం

అల్లుడు కళ్ళ డాక్టరైతే ఇచ్చిన కట్నం ఎటు పోతుందో ఏ మామగారైనా ఊహించుకోగలడు. మెయిన్ రోడ్డు మీద క్లినిక్కు, దాని మీద పెద్ద బోర్డు. కౌనస్‌లో సబ్బుల ఫ్యాక్టరీ నడుపుకునే జిల్బెర్నిక్ గారికి ఆ ముచ్చట తీరలేదు. 1887లో ఆయనకి కాబోయే అల్లుడు లుడ్విక్ జామెన్‌హోఫ్ ఆ డబ్బుతో వ్యాకరణం అచ్చు వేయించాడు. అదీ లోకంలో ఎవరూ మాట్లాడని భాషకి! పుస్తకం జులైలో వచ్చింది, పెళ్ళి ఆగస్టులో జరిగింది. మధ్యలో సంబంధం చెడకపోవడం ఒక విశేషమైతే, తర్వాత కూడా ఆ మామగారే అల్లుణ్ణి ఆదుకుంటూ రావడం అంతకంటే పెద్ద విశేషం.

జామెన్‌హోఫ్ 1859లో బియావిస్టోక్‌లో పుట్టాడు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలోని ఊరు. రష్యన్లు, పోలిష్‌వాళ్ళు, జర్మన్లు, యూదులు అక్కడ ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటూ ఉండేవారు. అందరికీ కలిపి ఒక భాష ఉంటే ఈ గొడవలు పోతాయని ఆ కుర్రాడికి తోచింది. ఒకే భాష మాట్లాడే అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర ఏం చేసుకుంటారో అతనికి అప్పటికింకా తెలియదు కాబోలు. బళ్ళో చదివేటప్పుడే ఒక భాష తయారుచేసి, 1878 డిసెంబరులో స్నేహితుల్ని పిలిచి, కేకు పెట్టి, ఆ భాషలోనే పాట కూడా పాడించాడు.

తండ్రికి ఇదంతా నచ్చలేదు. ఆయన భాషలు నేర్పే పంతులు, పైగా సర్కారు సెన్సారు అధికారి కూడా. డాక్టరీ చదువుకి కొడుకుని మాస్కో పంపించి, భాష రాసుకున్న నోటుపుస్తకాలు తన దగ్గర పెట్టుకుని, తర్వాత కాల్చేశాడని చెబుతారు. ఇంట్లోనే ఇంత పని దొరికిన సెన్సారు అధికారులు అరుదు. కొడుకు మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

1885లో పట్టా చేతికొచ్చింది. వెయిసియెయ్ అనే చిన్న ఊళ్ళో మామూలు వైద్యం పెట్టి, నాలుగు నెలలకే ఇది తన వల్ల కాదనుకున్నాడు. రోగులు చనిపోతుంటే చూడలేకపోయాడు. కంటి జబ్బుతో మనిషి చావడం తక్కువ కనుక, మెత్తని మనసుకి తగిన శాఖ అదే. వియన్నా వెళ్ళి అది నేర్చుకొచ్చాడు. ప్రాక్టీసు మాత్రం ఖెర్సన్‌లో సాగలేదు, గ్రోద్నోలో అంతంతమాత్రం. చివరికి 1898 నుంచి వార్సాలో, పేద యూదులుండే జికా వీధిలో కుదురుకున్నాడు. ఫీజు తక్కువ, రోగులు ఎక్కువ. పగలంతా కళ్ళు, రాత్రంతా భాష. హామ్లెట్‌ని ఆ భాషలోకి తెచ్చాడు, పాత నిబంధన మొత్తం అనువదించాడు. చీకట్లో చదివితే కళ్ళు పాడవుతాయని రోగులకి చెప్పేవాడో లేదో మరి.

ఇంతకీ ఆ తొలి పుస్తకం మీద అతని అసలు పేరు లేదు. ఇలాంటి పిచ్చి ఉన్నవాడని తెలిస్తే ఎవరు కళ్ళు చూపించుకుంటారని భయం. ‘డాక్టర్ ఎస్పెరాంటో’ అని మారుపేరు పెట్టుకుంటే, జనం ఆ పేరుని భాషకే తగిలించారు. పుస్తకంలో 16 వ్యాకరణ సూత్రాలతో పాటు కూపన్లు కూడా ఉన్నాయి. ‘కోటిమంది ఇలాగే మాట ఇస్తే నేనూ ఈ భాష నేర్చుకుంటాను’ అని సంతకం చేసి పంపాలి. కోటి సంతకాల ఉద్యమం మన పార్టీల సొంత తెలివి అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. 1889లో అచ్చయిన చిరునామాల పుస్తకంలో తేలిన లెక్క వెయ్యిమంది. తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేలు తక్కువ. డాక్టరు నిరుత్సాహపడలేదు.

1905లో ఫ్రాన్స్‌లోని బులోన్-సుర్-మేర్‌లో తొలి మహాసభ పెడితే 688 మంది వచ్చారు. రకరకాల దేశాలవాళ్ళు కలిసి ఎస్పెరాంటోలో మోలియేర్ నాటకం వేశారు. ఆ ప్రయాణంలో పారిస్‌లో జామెన్‌హోఫ్‌కి ఆతిథ్యమిచ్చిన ఎమిల్ జావల్ కూడా కళ్ళ డాక్టరే. కంటి పాప ముందున్న పొర వంపు కొలిచే పరికరం ఇప్పటికీ ఆయన పేరు మోస్తోంది. గ్లకోమాతో ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. అయినా చూపులేనివాళ్ళకి పనికొచ్చే పుస్తకం రాస్తూ, ఎస్పెరాంటో ప్రచారం చేస్తూ తీరిక లేకుండా గడిపాడు.

జామెన్‌హోఫ్ 1917లో పోయాడు. కొడుకు ఆడమ్ కూడా కళ్ళ డాక్టరే అయ్యాడు. తండ్రికి మాత్రం పోయాక కూడా పదోన్నతులు ఆగలేదు. ఒక గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. జపాన్‌లో ఓమోతో అనే మతంవాళ్ళు 1923లో ఎస్పెరాంటో అందుకుని, తర్వాత ఏకంగా ఆయన్ని దేవతల్లో చేర్చేశారు. కట్నం డబ్బు క్లినిక్కు మీద పెట్టి ఈ హోదా దాకా వచ్చిన కళ్ళ డాక్టరు ఇంతవరకు ఒక్కడూ లేడు.