పనిలో పనిగా

పని అంటే ఏమిటో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అర్థం కాలేదు. బ్రిటన్ మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ పుణ్యమా అని ఇప్పుడు తెలిసొచ్చింది.

2020 మే 20. కరోనాతో మన ఊళ్ళలో పాడె మోయడానికి మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్న రోజులు. ఇంగ్లండులోనూ అంతే. బయటి మనిషిని కలవాలంటే ఒక్కరినే, అదీ ఏ పార్కులోనో రెండు మీటర్ల ఎడంగా నిలబడి. ఆ సంగతి ప్రభుత్వమే ఆ రోజు టీవీలో మరోసారి గుర్తుచేసింది. ఆ సాయంత్రమే ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్ పెరట్లోకి వందమందికి పైగా సిబ్బందికి పిలుపు: ఎండ బాగుంది, ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోండి. జాన్సన్ దొరగారూ వచ్చారు, పాతిక నిమిషాలు ఉన్నారు. అదంతా ఆఫీసు పనే అనుకున్నానని తర్వాత పార్లమెంటులో సెలవిచ్చారు. పెరడు ఆఫీసులో భాగమేనట. మా ఆఫీసుకు ఎదురుగా ఉన్న టీకొట్టును కూడా ఈ లెక్కన డ్యూటీలో రాయించుకోవచ్చు.

జూన్ 19న ఆయన పుట్టినరోజు, కేబినెట్ గదిలో వేడుక. పాపం, ఆయనకేం తెలియదు, కేకే మాటు వేసి మీద పడిందన్న ధోరణిలో సొంత పార్టీ ఎంపీ ఒకాయన వెనకేసుకొచ్చాడు. ఆస్పత్రికెళ్ళి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చొచ్చానని మార్చిలో గొప్పలు పోయి, నెల తిరక్కుండా కరోనా తెచ్చుకుని, ఐసీయూ దాకా వెళ్ళొచ్చిన మనిషికి కేకొక లెక్కా! పోలీసులు 2022లో యాభై పౌండ్ల జరిమానా వేశారు. పక్కనున్న ఆర్థికమంత్రి రిషి సునాక్‌కూ పడింది. ఆ ఏడాదే ఆయనా ప్రధాని అయ్యాడు, కాబట్టి కేకు దోషం అంటదు.

రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియలకు ముందురాత్రి డౌనింగ్ స్ట్రీట్ విందు కోసం ఒకరికి సూట్‌కేసిచ్చి వైన్ తెమ్మని పంపారని పత్రికలు రాశాయి. ఆ రాత్రి జాన్సన్ అక్కడ లేరు. మర్నాడు చర్చిలో రాణిగారు ఒంటరిగా కూర్చున్నారు, రూలు ప్రకారం.

మొత్తం 126 జరిమానాలు. ఇంతమందిలో నిజంగా పని చేసినవాళ్ళు, ఈ విందులపై విచారణ జరిపిన అధికారి స్యూ గ్రే నివేదికలో ఒక మూల కనిపిస్తారు. 2020 డిసెంబర్ 18 విందు మర్నాడు పొద్దున గదిలోకెళ్ళిన క్లీనర్‌కు గోడ మీద ఎర్ర వైన్ కనిపించింది, జిరాక్స్ కాగితాల డబ్బాల మీద కూడా.

థేమ్స్ అవతల, జాన్సన్‌కు వైద్యం చేసిన ఆస్పత్రి ముందు ఇంకో గోడ ఉంది. కరోనాతో పోయినవాళ్ళకు తలా ఒక ఎర్ర గుండె గీశారు. వానకీ ఎండకీ ఆ రంగు వెలిసిపోతుంటే, వాలంటీర్లు డబ్బా, కుంచె పట్టుకొచ్చి మళ్ళీ దిద్దుతుంటారు.